అద్దం తీసేశాక

ఉండాల్సిన చోట అద్దం లేదు.

స్వర్ణలత రెండో అంతస్తు మెట్లెక్కి, ఎడమకు తిరిగి, వరండా సగం దాకా వచ్చి నిలబడిపోయింది. ఆ దారి ఆమె కాళ్లకు తెలుసు. వరండా చివర నిలువెత్తు అద్దం ఉండేది. దాని అవతల వరసగా గాజుపెట్టెలు, వాటిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు. మూడేళ్ల కింద ఆ అద్దానికి నుదురు ఆనించి నిలబడేది. ఊపిరికి అద్దం మసకబారితే కొంగుతో తుడుచుకుని మళ్లీ చూసేది. ఇప్పుడక్కడ వెడల్పాటి తలుపు ఉంది. ఆయమ్మ ఒకామె దుప్పట్ల మూటతో దాన్ని తోసుకుని బయటికొచ్చినప్పుడు లోపలంతా కనిపించింది. ప్రతి పిల్ల పక్కనా ఒక మంచం. మంచం మీదో, వాలుకుర్చీలోనో ఒక తల్లి. ఒకామె రొమ్ముల మధ్య పిల్లను కట్టుకుని, నోరు తెరిచి నిద్రపోతోంది, మధ్యాహ్నం పూట తన ఇంట్లో పడుకున్నంత నిశ్చింతగా.

"గిక్కడనే వదినా. లోపటికి రమ్మంటున్నరు" అన్నాడు వెనక నుంచి హరికిషన్. అతను స్వర్ణలత మరిది. ముక్కుకూ నోటికీ రుమాలు అడ్డం పెట్టుకుని, రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. "నాకు సర్ది ఉందని దగ్గరకు రానిస్తలేరు. అమ్మ అయితె నడుం నొప్పితోని కుర్చీల కూసోలేదు. రాధికకు ఇంకా తెలివి సక్కగ రాలే. నువ్వే ఉన్నవు."

నిన్న పొద్దున అతని భార్య రాధికకు బీపీ ఎక్కి ఫిట్స్ వచ్చాయి. మౌలాలి నుంచి ఆటోలో తెచ్చేసరికే స్పృహ లేదు. ఏడో నెల ఇంకా సగంలో ఉంది. కోసి బిడ్డను తీశారు. రాధికను పై అంతస్తులో ఐసీయూలో ఉంచారు, బిడ్డను ఇక్కడ. ఆడపిల్ల. రాధికకు తల్లి లేదు. ఆసుపత్రి వాళ్లు 'ఆరోగ్యంగా ఉన్న ఆడమనిషి ఎవరన్నా ఉన్నారా' అని అడిగితే ఇంట్లో అందరికీ తోచిన పేరు ఒక్కటే. సీతాఫల్‌మండిలో తమ కర్రీ పాయింట్ పొయ్యి ముందున్న స్వర్ణలతకు అత్త విమలమ్మ ఫోను చేసింది. భర్త పురుషోత్తం స్కూటర్ మీద తీసుకొచ్చి గేటు దగ్గర దించాడు. లోపలికి రాలేదు. ఆ భవనం వైపు తలెత్తి కూడా చూడలేదు.

తలుపులోంచి హెడ్ సిస్టర్ వచ్చింది. స్వర్ణలత ఆమెను చూసీ చూడగానే గుర్తుపట్టింది. కాంతమణి సిస్టర్. జుట్టు కాస్త నెరిసింది. నడక అదే, చూపు అదే. "అద్దం మీద చేతులు పెట్టొద్దమ్మా, మరకలైతయి. చూసిండ్రు కదా, ఇగ కిందికి పోండ్రి" అని అప్పుడు రోజూ అన్నది ఆమే.

కాంతమణి ఆమెను గుర్తుపట్టలేదు. "పాపకు ఏమైతరమ్మా మీరు?"

"పెద్దమ్మను."

"సర్ది, దగ్గు, జ్వరం, ఒంటి మీద పుండ్లు ఏమన్న ఉన్నయా? లెవ్వు కదా. స్నానం చేసి రాండ్రి. తలలకెల్లి పోపు వాసన వస్తున్నది. గోర్లు తీసుకోండ్రి. గాజులు, ఉంగరం, మెడలయి అన్నీ తీసి పక్కన పెట్టుండ్రి."

"ఏం చెయ్యాలె నేను?"

"ఏం చెయ్యొద్దు. పాపను ఒంటికి పెట్టుకొని కూసోవాలె. కంగారూ అంటరు దీన్ని."

గోడవార బల్ల మీద కూర్చున్న విమలమ్మ తలెత్తింది. "ఉన్న కంగారు చాలదా తల్లీ, మళ్లొకటా."

"అది కాదమ్మా. జంతువు పేరు. అది పిల్లను పొట్ట సంచిల ఏసుకొని తిరుగుతది."

స్వర్ణలత చేతులు వెనక్కి పెట్టుకుంది. "నాకు రాదు సిస్టర్. ఇంకెవర్నన్న చూడుండ్రి."

"ఎవరికీ రాదు. పాపకు వస్తది. పోయి తానం చేసి రాండ్రి" అని కాంతమణి అప్పటికే లోపలికి తిరిగింది.

స్నానాల గదిలో చల్లటి నీళ్లు పోసుకుంటూ స్వర్ణలత వెళ్లిపోదామనుకుంది. మెట్లు దిగి, గేటు దాటి, చిలకలగూడ దాకా నడిస్తే చాలు, అక్కడ ఏదో ఒక ఆటో దొరుకుతుంది. కానీ సిస్టర్ ఇచ్చిన ముందుకు తెరుచుకునే ఆకుపచ్చ అంగీ తొడుక్కుని, తడిజుట్టు ముడేసుకుని వచ్చి, చూపించిన వాలుకుర్చీలో కూర్చుంది.

పాపను కాంతమణి రెండు చేతులతో ఎత్తింది. తల కింద ఒక చెయ్యి, పిర్ర కింద ఒక చెయ్యి. నెత్తికి ఉన్ని టోపీ, కాళ్లకు మేజోళ్లు, నడుముకు చిన్న గుడ్డ. ముక్కుకు గాలి గొట్టం, నోట్లోంచి పాల గొట్టం, పాదానికి ఎర్రటి దీపమున్న తీగ. తీగలన్నీ ఒక పక్కకు సర్ది, స్వర్ణలత అంగీ తెరిచి, పాపను నిలువుగా రొమ్ముల మధ్య ఆనించింది. తల పక్కకు తిప్పింది. కాళ్లను కప్ప కాళ్లలా మడిచింది. మెత్తటి పట్టీతో ఇద్దరినీ కలిపి చుట్టి వీపు దగ్గర ముడేసింది.

స్వర్ణలత ఊపిరి తీయడానికి కూడా భయపడింది. బరువే లేదు. ఉన్నదల్లా చిన్న వేడి, ఆ వేడిలో తడబడుతూ కొట్టుకునే ఇంకొక గుండె. ఆ చర్మం తన చర్మానికి తడికాగితంలా అతుక్కుంది. పాప ఒక వేలు కదిపింది. అది గోరంత వేలు. దానికీ గోరు ఉంది.

"మాటికి మాటికి మానిటర్ దిక్కు చూడకుండ్రి" అంది కాంతమణి. "పాపను చూడుండ్రి. ఒక్కోసారి శ్వాస మర్చిపోతది. అప్పుడు మానిటర్ మోగుతది. మీరు పాదం మీద వేలితోని తట్టుండ్రి. గుర్తొస్తది దానికి."

స్వర్ణలత తలూపింది. ఆ మూల కిటికీ పక్క చోటును చూడకూడదనుకుంటూనే చూసింది. అక్కడ ఇప్పుడు ఎవరో తల్లి మంచం మీద కూర్చుని చిన్న స్టీలు గిన్నెలోకి పాలు పిండుకుంటోంది.

మర్నాటికి స్వర్ణలతకు ఆ కుర్చీ అలవాటైంది. పొద్దున వచ్చి, స్నానం చేసి, పాపను కట్టించుకుని కూర్చుంటే, తినడానికీ బాత్రూముకూ తప్ప దించేది కాదు. పాలు పట్టడం నేర్చుకుంది. వేరే తల్లులు ఇచ్చిన పాలు సిరంజి గొట్టంలో పోసి ఎత్తి పట్టుకుంటే అవి వాటంతటవే సన్నగా దిగేవి. తొందరపడి పైకెత్తితే పాప ముఖం ముడుచుకునేది. పక్క మంచం ఆమె తిరుమలగిరి నుంచి వచ్చింది, ఆమెకు కవలలు. ఒకరిని తను, ఒకరిని వాళ్లత్త కట్టుకుని కూర్చునేవాళ్లు. "మీ పాప మంచిగ పండుకుంటది మీ మీద" అందామె. మీ పాప. స్వర్ణలత సరిదిద్దలేదు.

డాక్టర్ శ్రీలలిత రౌండ్స్‌కు వచ్చింది. సన్నగా, కాస్త ముందుకు వంగి నడిచే మనిషి. ఆమెనూ స్వర్ణలత మర్చిపోలేదు. అద్దం అవతల చాలాసార్లు చూసింది, ఇవతల ఒకే ఒక్కసారి, చివరి రోజున. పాప ఛార్టు చూసి, స్టెత్ చివర అరచేతిలో వేడి చేసుకుని, పాప వీపుకు ఆనించి విని, "బావుందమ్మా. ఇలాగే ఉంచండి" అని కదలబోయింది.

"మేడమ్, ఒక్క మాట అడగాలె."

"చెప్పండి."

"మూడేండ్ల కింద నా కొడుకు సుత గిక్కడనే ఉండె. గా మూల పెట్టెల. అప్పుడు నన్ను లోపటికి రానియ్యలే."

శ్రీలలిత ఆగింది. చేతిలో కాగితాలు పక్కనున్న సిస్టర్‌కు ఇచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది. స్వర్ణలత ముఖంలోకి కాసేపు చూసింది. గుర్తొచ్చిందో లేదో తెలియలేదు. గుర్తొచ్చిందని ఆమె అబద్ధం చెప్పలేదు.

"అప్పుడు పద్ధతి అదేనమ్మా. బయటివాళ్లు వస్తే ఇన్ఫెక్షన్లు వస్తాయని భయం. పిల్ల కుదుటపడ్డాకే తల్లి ఒంటి మీద వెయ్యాలనేవాళ్లం. మన దేశంలోనూ ఇంకొన్ని దేశాల్లోనూ పెద్ద పరిశోధన చేశారు. కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లికి ఆనించి ఉంచితే, తల్లి లేకపోతే ఇంట్లో ఇంకెవరికైనా సరే, చనిపోయే పిల్లలు తగ్గారు. ఇన్ఫెక్షన్లూ తగ్గాయి. అందుకే ఇప్పుడిలా మార్చాం."

"గీ సంగతి ఎప్పుడు తెల్సింది మేడమ్?"

శ్రీలలిత స్టెత్ మెడలోంచి తీసి మడుస్తూ కూర్చుంది.

"మీ బాబు పుట్టకముందే" అంది. "నేను చదివాను కూడా."

"మరి?"

"గోడ ఉంది కదమ్మా. తల్లుల్ని లోపల పెట్టాలంటే మంచాలకు చోటు కావాలి, సిస్టర్లు కావాలి. అడిగాం. పై అధికారులు వచ్చి చూసి వెళ్లారు. మళ్లీ అడిగాం. మాలోనే కొందరు ఇది మన దగ్గర కుదరదన్నారు. అలా జరుగుతూ జరుగుతూ, కిందటేడు అద్దం తీశారు." ఆగి, మళ్లీ అంది. "అప్పుడు మీ దగ్గర ఉంచినా బతికేవాడని నేను చెప్పలేను. బతికేవాడు కాదనీ చెప్పలేను."

స్వర్ణలతకు లేచి నిలబడాలనిపించింది. ఏదన్నా పగలగొట్టాలనిపించింది. ఈ వార్డు వార్డంతా వినేటట్టు ఒక్క కేక వెయ్యాలనిపించింది. గుండె ఎద లోపలి నుంచి గోడను గుద్దినట్టు కొట్టుకుంది. ఆ గుద్దుకు పైనున్న పాప ఉలిక్కిపడి, మూతి వంకర చేసి, కాళ్లు జాడించింది. మానిటర్ మీద అంకె దిగింది.

"మెల్లగా" అంది శ్రీలలిత. "ఊపిరి మెల్లగా తీయండి. మీరెలా ఉంటే పాప అలా ఉంటుంది."

స్వర్ణలత ఊపిరి మెల్లగా తీసింది. మెల్లగా వదిలింది. కోపాన్ని కూడా అలాగే, పిల్ల నిద్ర చెడకుండా, కొంచెం కొంచెంగా లోపలికి దించుకోవాల్సి వచ్చింది. కళ్లలోంచి నీళ్లు కారి పాప టోపీ మీద పడ్డాయి. తుడవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఒక చెయ్యి పాప వీపు మీద, ఒక చెయ్యి పిర్ర కింద. డాక్టరమ్మ తన రుమాలుతో ఆ టోపీ ఒత్తి, స్టూలు పక్కకు జరిపి, వెళ్లిపోయింది.

రాధికకు తెలివొచ్చి, బీపీ కాస్త తగ్గి, బాలింతల వార్డుకు మార్చారు. ఆ మధ్యాహ్నం విమలమ్మ టిఫిను డబ్బా తెచ్చి మెట్ల మలుపు దగ్గర స్వర్ణలతను పక్కన కూర్చోబెట్టుకుంది. స్వర్ణలత అన్నం కలుపుతుంటే చాలాసేపు ఆమె చేతినే చూసింది.

"నీకు బిడ్డ మాలిమైంది" అంది చివరికి.

"మాలిమేంది అత్తమ్మా. గింత పిల్లకు మనిషి తెలుస్తదా?"

"తెలుస్తది. సిస్టరమ్మ చెప్తున్నది, ఈమె మీద ఉంటె శ్వాస సక్కగ తీస్తున్నదని." విమలమ్మ గొంతు తగ్గించింది. "హరి గాడు సిన్నోడు. రాధిక సుత సిన్నదే. ఆల్లకు మళ్లైతరు. నీకు ఇగ పిల్లలు కారన్నరు. గిదొక్కటి నువ్వు సాదుకుంటె ఎట్లుంటది? ఇంట్ల పిల్ల ఇంట్లనే ఉంటది. నేను మాట్లాడత ఆనితోని."

స్వర్ణలత ముద్ద నోట్లో పెట్టుకోలేదు. "రాధిక ఏమంటది?"

"అదేమంటది. పిల్లను ఇంకా చూడనే లేదు. చూడకముందు అయితెనే తేలిక."

ఆ మాట తప్పని స్వర్ణలతకు తెలుసు. అయినా అది చెవిలో పడ్డాక బయటికి పోలేదు. కుర్చీలోకి తిరిగొచ్చి పాపను కట్టించుకున్నాక ఆ టోపీ అంచు దగ్గర పెదాలు పెట్టి, ఎవరికీ వినపడకుండా ఒక పేరు పిలిచి చూసింది. ఇంకోసారి పిలిచింది. పాప నిద్రలో పెదాలు చప్పరించింది. కర్రీ పాయింట్ వెనక గదిలో ఉయ్యాల ఎక్కడ కట్టాలో, పొయ్యి పొగ అటు రాకుండా ఏం అడ్డం పెట్టాలో కూడా ఆలోచించింది.

సాయంత్రం కాకముందే హరికిషన్ రాధికను చక్రాల కుర్చీలో తలుపు దాకా తెచ్చాడు. ముఖం ఉబ్బి, పెదాలు పగిలి, జుట్టు చిక్కులు పడి, రాధిక తన వయసుకు పదేళ్లు పెద్దదానిలా కనిపించింది. లోపలికి తొంగి చూసింది. ఎవరి మీద ఉన్నది తన బిడ్డో తెలియక కళ్లు ఒక్కొక్క కుర్చీ మీద ఆగి ఆగి, స్వర్ణలత మీదికి వచ్చి నిలిచాయి.

"గామెనేనా అక్కా?"

"అవును."

"చిన్నగున్నది" అంది రాధిక.

కాంతమణి వచ్చి ఆమె కణతల మీద చెయ్యి పెట్టి చూసింది. "ఒళ్లు కాలుతున్నది కదమ్మా. జ్వరం చూపించుకొని రేపు రా. ఇయ్యాల దూరంకెల్లి చూసి పో." తర్వాత స్వర్ణలత వైపు తిరిగి, "జ్వరం తగ్గితె రేపు ఈమెకిద్దాం" అంది.

మర్నాడు జ్వరం లేదు. రాధిక పొద్దున్నే వచ్చింది, ఈసారి గోడ పట్టుకుని, తనంతట తను నడిచి. కుట్లు లాగుతుంటే ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది. కాంతమణి ఆ సమయానికి ఇంకో పిల్ల దగ్గర ఉంది. తలుపు దగ్గర రాధికనూ, కుర్చీలో స్వర్ణలతనూ కలపడానికి గానీ ఆపడానికి గానీ ఎవరూ లేరు.

"ఇస్తవా అక్కా?" అంది రాధిక. అడగొచ్చో లేదో తెలియనట్టు చేతులు రెండూ కొంచెం ముందుకు చాచింది.

స్వర్ణలత పట్టీ మీద చెయ్యేసి ఉంచింది. "ఇప్పుడే పండింది" అంది. "పాలు తాగి ఇప్పుడే పండింది. లేపితె మళ్ల శ్వాస ఆగుతది. నీ ఒంట్ల సుత బాగలేదు కదా. రేపు తీస్కో."

రాధిక చేతులు దించుకుంది. "సరే అక్కా" అంది.

ఆ 'సరే' ఎక్కడో విన్నట్టనిపించింది స్వర్ణలతకు. అడగకూడనిది అడిగినట్టు, సిగ్గుపడినట్టు, తనను తాను వెనక్కి లాక్కుంటున్నట్టు పలికిన సరే. అది అద్దం దగ్గర సిస్టర్‌తో అన్న తన సొంత గొంతని గుర్తొచ్చేసరికి రాధిక గోడ పట్టుకుని వరండా మలుపు తిరిగిపోయింది.

ఆ మరుసటి రోజు రాధిక రాలేదు. మధ్యాహ్నం దాకా తలుపు తెరుచుకున్నప్పుడల్లా స్వర్ణలత చూసింది. ఆయమ్మలు వచ్చారు, ల్యాబు వాళ్లు వచ్చారు, కవలల తల్లి కోసం ఎవరో కొబ్బరినీళ్లు తెచ్చారు. చివరికి పాపను గాజుపెట్టెలో పెట్టమని సిస్టర్‌కు చెప్పి, అంగీ మార్చుకుని, బాలింతల వార్డుకు వెళ్లింది.

రాధిక గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన బల్ల మీద పాలు పిండుకోవడానికిచ్చిన గిన్నె ఖాళీగా, పొడిగా ఉంది. రవిక ముందు భాగం తడిసి ఎండి అట్టకట్టింది.

"రాలేదేంది రాధికా?"

"ఎట్లుంది అక్కా పాప?" పక్కింటి వాళ్ల పిల్ల గురించి అడిగినట్టు అడిగింది.

"మంచిగుంది. నువ్వు పాలు పిండుతలేవా?"

"నొస్తున్నది."

స్వర్ణలత ఆమె భుజం పట్టి మెల్లగా ఇటు తిప్పింది. రొమ్ములు రాళ్లలా గట్టిపడి, చర్మం ఎర్రగా మెరుస్తోంది. తాకితేనే రాధిక పళ్లు బిగించింది. స్వర్ణలతకు ఆ గట్టితనం తెలుసు. తనకూ అలాగే వచ్చాయి పాలు. వాటిని ఎవరూ అడగలేదు. చివరికి ఇంట్లో స్నానాల గదిలో నేల మీద పిండేసింది.

ఫ్లాస్కులోంచి వేడినీళ్లు గిన్నెలో పోసి, తన కొంగు చివర ముంచి, పిండి, రొమ్ము మీద వేసింది. చల్లారగానే మళ్లీ ముంచింది. అరచేత్తో పై నుంచి కిందికి మెల్లగా నిమిరింది. రాధిక కళ్లు మూసుకుని మూలిగింది. చాలాసేపటికి ఒక చుక్క వచ్చింది, పసుప్పచ్చగా, చిక్కగా. తర్వాత ఇంకోటి.

"అత్తమ్మ చెప్పింది" అంది రాధిక కళ్లు తెరవకుండానే. "ఆయన సుత సరేనన్నడు. నువ్వే పెంచుకో అక్కా. నాతోని ఎట్లైన బతకదు. నా ఒంట్లనే ఉండనియ్యలేకపోయిన నేను. నీ దగ్గరైతె బతుకుతున్నది కదా."

స్వర్ణలత చెయ్యి ఆగింది. అడగకుండా, బతిమాలకుండా, ఎవరితో పోట్లాడకుండా, ఆ మాట తనంతట తనే వచ్చి ఒళ్లో పడింది. 'సరే' అంటే చాలు. అత్త సంతోషిస్తుంది. మరిది సంతోషిస్తాడు. ఈ పిల్ల కూడా, గోడవైపు తిరిగి పడుకున్న ఈ పిల్ల కూడా, ఇప్పుడైతే ఊపిరి పీల్చుకుంటుంది. రేపు, ఏడాదికి, పదేళ్లకు ఏమవుతుందో స్వర్ణలత ఒక్కర్తెకే తెలుసు.

గిన్నెలో పాలు అడుగున సన్నని పొరలా చేరాయి. దాన్ని బల్ల మీద పెట్టింది.

"లే" అంది.

"అక్కా, నాతోని కాదు."

"లే రాధికా. తానం చేయిస్త. గాజులు తియ్యి."

వార్డులోకి వాళ్లిద్దరూ వచ్చేసరికి కాంతమణి తలెత్తి చూసింది. "పాప మీకు అలవాటైంది కదమ్మా. పాలు సుత ఇప్పుడిప్పుడే అరుగుతున్నయి" అంది. "ఇంకొన్నొద్దులు మీరే ఉంటె..."

"తల్లి వచ్చింది సిస్టర్" అంది స్వర్ణలత. గొంతు పెంచలేదు. "తల్లిని లోపటికి రానియ్యాలె."

కాంతమణి ఒక క్షణం ఆమెనే చూసింది. ఆమె చూపు ఒకప్పుడు అద్దం ఉన్న చోటుకు పోయి తిరిగొచ్చింది. వెళ్లి పాపను ఎత్తింది.

రాధిక కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. పాపను ఎదకు ఆనించగానే ఆమె ఒళ్లంతా జలదరించింది. పట్టీ చుట్టింది స్వర్ణలతే. ముడేసి, పాప మెడ వాలకుండా అంచును చెవి దాకా లాగి, వెనక్కి జరిగింది. తన ఒంటి వేడి తగిలిన పట్టీ ఇంకొక ఒంటి చుట్టూ ఉంది. పాప కొత్త వాసనకు ముక్కు చిట్లించి, తల అటూ ఇటూ రుద్దుకుంది.

"ఏమని పిలవాలె అక్కా ఈమెను?"

పేరు స్వర్ణలత నాలుక మీదే ఉంది. "నీకు తోచినట్టు పిలువు" అంది.

రాధిక నోరు తెరవబోయేలోగా మానిటర్ మోగింది.

పాప రొమ్ము మీద వేలాడినట్టు మెత్తబడింది. పెదాల చుట్టూ నీలం తిరిగింది. రాధిక చేతులు గాల్లోకి లేచి అక్కడే ఆగిపోయాయి. "అక్కా, నువ్వు తీస్కో" అంది. "తీస్కో అక్కా. సచ్చిపోతది. నేను చెప్పిన కదా, తీస్కో."

స్వర్ణలత చేతులు అప్పటికే ముందుకొచ్చాయి. వేళ్లు ఆ పాదానికి జానెడు దూరంలో ఉన్నాయి. ఆ పాదం ఆమెకు ఎంత తెలుసో ఇంకెవరికీ తెలియదు. అవతలి పక్క కాంతమణి వచ్చి నిలబడింది, ఆక్సిజన్ సంచి చేతిలో పట్టుకుని, స్వర్ణలతను చూస్తూ. స్వర్ణలత చేతులు వెనక్కి తీసుకుంది. కుర్చీ వెనక కమ్మీని పట్టుకుంది.

"పాదం తట్టు" అంది. "నువ్వే. వేలితోని. శ్వాస మర్చిపోయింది, గుర్తు చెయ్యి."

"నాకు భయమైతున్నది."

"అయితది. తట్టు."

రాధిక చూపుడువేలు పాప అరికాలు మీద పడింది. ఏమీ కాలేదు. ఇంకోసారి, కొంచెం గట్టిగా. స్వర్ణలత పట్టుకున్న కమ్మీ అరచేతిలోకి దిగింది. ఆ రెండు తట్లకు మధ్య ఆమె మూడేళ్ల కిందటి అద్దం దగ్గరికి పోయి తిరిగొచ్చింది. మూడోసారి పాప ఒళ్లు విరుచుకుంది. నోరు తెరిచింది. పిల్లి కూనలా సన్నటి శబ్దం చేసి గాలి పీల్చింది. నీలం కొంచెం కొంచెంగా వెనక్కి పోయింది. మోత ఆగింది.

రాధిక ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే రెండు చేతులూ పాప చుట్టూ వేసింది, తల వంచి టోపీ మీద గడ్డం ఆనించింది. ఎవరైనా లాక్కుంటారేమోనన్నట్టు భుజాలు ముందుకు వంచుకుని కూర్చుంది. స్వర్ణలత వైపు ఇక చూడలేదు.

కాంతమణి సంచి పక్కన పెట్టింది. స్వర్ణలత దగ్గరకు వచ్చి, ఏదో అనడానికి నోరు తెరిచి, "మీరు కిందికి పోయి చాయ్ తాగి రాండ్రమ్మా" అంది.

"ఇంటికి పోత సిస్టర్" అంది స్వర్ణలత.

మెట్ల దగ్గర విమలమ్మ కూర్చుని ఉంది. లోపల జరిగింది తలుపు సందులోంచి చూసి హరికిషన్ అప్పటికే చెప్పాడు కాబోలు. "చేతులకు వచ్చిన దాన్ని ఇచ్చేసినవ్" అంది, తిట్టినట్టు కాదు, జాలిపడినట్టు. స్వర్ణలత ఆమె పక్కన ఒక్క నిమిషం కూర్చుని, ఆమె నడుము మీద చెయ్యేసి రాసి, లేచి మెట్లు దిగింది.

ఆటో దిగేసరికి సీతాఫల్‌మండిలో సాయంత్రపు రద్దీ మొదలైంది. ఆఫీసుల నుంచి దిగినవాళ్లు కర్రీ పాయింట్ ముందు గుమిగూడారు. ఈ నాలుగు రోజులూ ఒంటరిగా వండి, ఒంటరిగా అమ్మి, పురుషోత్తం కళ్లు లోపలికి పోయాయి. ఎవరో సాంబారులో ఉప్పెక్కువైందని అంటున్నారు. స్వర్ణలత చెప్పులు విప్పి, లోపలికి వెళ్లి కాళ్లు కడుక్కుని, కొంగు బిగించి గిన్నెల వెనక నిలబడింది. పప్పు అడిగినవాళ్లకు పప్పు, దొండకాయ అడిగినవాళ్లకు దొండకాయ, ప్లాస్టిక్ సంచిలో పోసి, సంచి మూతి మెలితిప్పి, దారం చుట్టి ఇవ్వసాగింది.

గిరాకీ కాస్త పలచబడ్డాక పురుషోత్తం గరిటె పక్కన పెట్టాడు. రోజూ గేటు దగ్గర దించాడు, నిన్నటి దాకా రోజూ గేటు దగ్గర ఎక్కించుకున్నాడు, ఒక్కరోజు కూడా ఏమీ అడగలేదు.

"పాప ఎట్లున్నది?" అన్నాడు.

"వాళ్లమ్మ దగ్గరున్నది" అంది స్వర్ణలత.

అతను తల ఊపాడు. పొయ్యి తగ్గించడానికి వంగాడు, కానీ చెయ్యి నాబ్ మీదే ఉండిపోయింది. అలాగే వంగి, ఆమెకు ముఖం కనపడకుండా, చాలాసేపు ఉన్నాడు. మూకుడులో నూనె పొగలు కక్కడం మొదలైతే ఆమే అతని చేతిని పక్కకు జరిపి మంట ఆపింది. ఆ చేతిని మాత్రం వదల్లేదు.

"పప్పు ఉన్నదా అక్కా?" అని బయట ఎవరో పిలిచారు.

"ఉన్నది. జెర ఆగుండ్రి" అంది స్వర్ణలత.